పిండి కొద్దీ రొట్టె: చెన్నైలో ఉంటూ చిన్న బడ్జెట్‌లో తెలుగు సినిమాలు తీయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వారానికి రెండు మూడు ఫోన్లు వస్తాయి. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి, ఒక్కోసారి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాళ్ల నుంచి. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను మూడు సినిమాలు తీశాను. పబ్లిసిటీ కోసం రాయడం లేదు కాబట్టి వాటి పేర్లు ఇవ్వడం లేదు. మీరు చూసి ఉండే అవకాశం కూడా తక్కువే.

అందరూ మొదటి సినిమా ఎలా తీయాలని అడుగుతారు. అది ఎవరైనా తీసేస్తారు, బంగారం తాకట్టు పెట్టో, బావమరిదిని బతిమాలో. నేను ఇచ్చే జవాబులన్నీ మీ రెండో సినిమాను మనసులో పెట్టుకుని ఇచ్చేవి. కొన్ని మీకు పిసినారితనంగా కనిపిస్తే అందుకే.

తెలుగు సినిమా తీస్తూ చెన్నైలో ఎందుకు? హైదరాబాద్ పోవచ్చు కదా?

ఈ ప్రశ్న మా అత్తగారు కూడా అడుగుతారు. ఒకప్పుడు తెలుగు సినిమా అంటే మద్రాసే. వడపళని, కోడంబాక్కం, పాండీ బజార్ చుట్టూనే మన వాళ్లందరూ తిరిగారు. 1976లో హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది, ఆ మధ్యలో పరిశ్రమ మెల్లగా తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోయింది. నేను 2006లో నెల్లూరు నుంచి వచ్చేటప్పటికి ఇక్కడ మిగిలింది డబ్బింగ్ పని. నాకు అన్నం పెట్టిందీ అదే.

ఇంకో కారణం దూరం. నెల్లూరు 175 కిలోమీటర్లు. సూళ్లూరుపేట దాకా అయితే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి లోకల్ రైలే ఉంది. ట్రైపాడ్ భుజాన వేసుకుని, ముగ్గురం కలిసి ఆ రైలెక్కి వెళ్లి లొకేషన్ చూసి, పులిహోర పొట్లాలు విప్పుకుని తిని, రాత్రికి ఇంటికొచ్చేస్తాం. మా కథలన్నీ ఆ పట్టాల పక్కనే ఉన్నాయి. అవి వదిలేసి హైదరాబాద్ కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని ఏం చేయాలి?

మీకు పెద్ద హీరోలు తెలుసా? నా కథ ఎవరికైనా వినిపిస్తారా?

తెలియదు. వినిపించలేను.

ఉద్యోగం మానేస్తేనే సినిమా తీయగలమా?

మానొద్దు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టినప్పుడు కలకత్తాలో ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నారు. సెలవు దినాల్లో షూటింగ్. డబ్బుల్లేక ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చేయి అందించాక 1955కి బయటికొచ్చింది. ఆయనకే తప్పలేదు.

నా ఉద్యోగం డబ్బింగ్ రాయడం. తమిళ సినిమా, సీరియల్ వస్తుంది, దానికి తెలుగు డైలాగులు రాయాలి. అర్థం ఒక్కటే సరిపోతే ఎవరైనా రాస్తారు. పెదాలు కలవాలి. ఒక ఉదాహరణ చెప్తాను. తమిళంలో ‘ఆమా’ అంటే అవును. క్లోజప్‌లో నటుడు ‘ఆమా’ అన్నప్పుడు ‘మా’ దగ్గర పెదాలు మూసుకుంటాయి, అది తెర మీద ఇంత పెద్దగా కనిపిస్తుంది. మన ‘అవును’లో ఎక్కడా పెదాలు మూసుకోవు. ఎదుట ఉన్నది ఆడమనిషైతే ‘ఔనమ్మా’ అని నెట్టుకొస్తాం. మగవాడైతే ‘ఔను మామా’ అనో, ఇంకో చుట్టరికం కలిపో గట్టెక్కుతాం. ప, బ, మ ఎక్కడున్నాయో వెతుక్కుంటూ రీలు రీలూ వెనక్కి ముందుకీ తిప్పుతూ పదేళ్లు కూర్చుంటే, డైలాగులో ఏ మాట లేకపోయినా నడుస్తుందో చేతికి తెలిసిపోతుంది. నా మొదటి సినిమా స్క్రిప్టు 140 పేజీలు. మూడోది 72.

కాబట్టి ఉద్యోగం ఏదైనా ఫర్వాలేదు, సినిమాకు దగ్గరదైతే మరీ మంచిది. పెళ్లి వీడియోల ఎడిటింగ్, సబ్‌టైటిళ్లు, కాలేజీ వార్షికోత్సవాలు, యాడ్స్. ఒక్క జాగ్రత్త: ఇవన్నీ ఫీజు పనులు. చెల్లించేవాళ్లు 10 శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తారు. రిటర్న్ వేస్తేనే అది వెనక్కి వస్తుంది. మూడేళ్లు వేయకుండా కూర్చున్న ఘనుడు ఒకడున్నాడు, ఈ వ్యాసం రాస్తున్నది వాడే.

ఫిల్మ్ స్కూల్‌లో చదవాలా?

చదవగలిగితే మంచిదే. తరమణిలో తమిళనాడు ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, సాలిగ్రామంలో ఎల్.వి. ప్రసాద్ గారి పేరు మీద అకాడమీ ఉంది. ఆ ప్రసాద్ గారు మాత్రం ఏ స్కూల్లోనూ చదవలేదు. ఏలూరు దగ్గర పల్లె నుంచి బొంబాయి వెళ్లి, మన తొలి టాకీల్లో చిన్నా చితకా వేషాలు వేస్తూ నేర్చుకున్నారు. స్కూల్లో నిజంగా దొరికేది మీతోపాటు చదివే జనం. నాకు వాళ్లు డబ్బింగ్ థియేటర్ బయట టీ బంకు దగ్గర దొరికారు.

అసలు ఎంతవుతుంది? నిజం చెప్పండి.

చెప్తాను. మొదటి సినిమాకు 11 లక్షలు పెట్టాను. రెండోదానికి 16 లక్షలు. రెండోదాని లెక్క పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది, అదే మీకు పనికొస్తుంది.

నటులకూ టెక్నీషియన్లకూ కలిపి 4 లక్షల 10 వేలు. భోజనాలు, బస, ప్రయాణాలు 3 లక్షల 90 వేలు. ఈ రెండూ దాదాపు సమానంగా ఉన్నాయి చూశారా? అందరూ కెమెరా గురించి అడుగుతారు, అన్నం గురించి ఎవరూ అడగరు. కెమెరా, లెన్సులు, లైట్ల అద్దె 2 లక్షల 80 వేలు. సౌండ్ మొత్తం, అంటే లొకేషన్ రికార్డింగ్, డబ్బింగ్ ప్యాచులు, మిక్సింగ్ కలిపి 2 లక్షల 40 వేలు. ఎడిటింగ్, డీఐ (అంటే రంగులు సరిచేయడం) లక్షా 20 వేలు. సెన్సార్, డీసీపీ (అంటే థియేటర్లో వేసే డిజిటల్ కాపీ), సబ్‌టైటిళ్లు, ఫెస్టివల్ ఎంట్రీలు 90 వేలు. మిగతా 70 వేలకు పద్దు లేదు. విరిగిన మంచం, పంచాయతీ పెద్దలకు కొన్న పంచెలు, ఇంటాయన పగిలిన పెంకులు, ఇలాంటివి.

ఇందులో నా జీతం, మ్యూజిక్ చేసిన స్నేహితుడి జీతం లేవు. అవి కూడా రాసుకుంటే లెక్క వేరే. రాసుకోవాలి నిజానికి.

తరచూ కనిపించే అబద్ధం ఒకటుంది. 7 వేల డాలర్లతో సినిమా తీసి హాలీవుడ్‌కు అమ్మేశాడని 1992 నాటి ఒక అమెరికన్ కుర్రాడి గురించి చెప్తారు. షూటింగ్ అంతకే అయింది, నిజమే. తర్వాత దాన్ని థియేటర్‌కు తగ్గట్టు చేయడానికి స్టూడియో దానికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టింది. ఆ ముక్క ఎవరూ చెప్పరు. కొబ్బరికాయ కొట్టిన రోజు నుంచి గుమ్మడికాయ కొట్టిన రోజు దాకా అయ్యేది సగం ఖర్చే అనుకోండి. మిగతా సగం పక్కన లేకపోతే మొదలుపెట్టకండి. చెన్నైలో హార్డ్ డిస్కుల్లో ఆగిపోయిన తెలుగు సినిమాలు నాకు తెలిసినవే ఆరున్నాయి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? క్రౌడ్ ఫండింగ్ పనిచేస్తుందా?

పనిచేసిన సందర్భాలున్నాయి. 1976లో శ్యామ్ బెనెగల్ ‘మంథన్’కు గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. 2013లో బెంగళూరు నుంచి పవన్ కుమార్ కన్నడంలో తీసిన ‘లూసియా’కు వంద మందికి పైగా జనం కలిసి దాదాపు 50 లక్షలు వేశారు. కానీ ఈ రెండింటి వెనకా అప్పటికే ఒక సమూహం ఉంది. అక్కడ పాల సంఘం, ఇక్కడ పవన్ కుమార్ బ్లాగు చదివే వాళ్లు. ఎవరూ లేని చోట లింకు పెట్టి కూర్చుంటే పెదనాన్న కొడుకు 500 వేస్తాడు, అంతే.

నేను చేసేది చిన్న పద్ధతి. పదిమంది దగ్గర తలా లక్ష లోపు. అందరికీ ఒకటే మాట: ‘ఇది పోతే మీకు నిద్ర పట్టాలి, అలాంటి డబ్బే ఇవ్వండి.’ ప్రతి ఒక్కరితో కాగితం మీద సంతకం. వచ్చిన డబ్బులో ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్నది అందులో ఉంటుంది. మా బాబాయ్ ‘కాగితమెందుకురా మన మధ్య’ అన్నారు. ఆయనతోనే మొదటి సంతకం పెట్టించాను.

ఇల్లు తాకట్టు పెట్టొద్దు. వడ్డీకి అప్పు, ముఖ్యంగా నూటికి మూడు, నాలుగు వడ్డీకి తేవద్దు. మన సినిమాలకు డబ్బు వస్తే ఏళ్ల తరబడి చిల్లరగా వస్తుంది, వడ్డీ మాత్రం నెలనెలా వస్తుంది.

కథ ఎలా ఎంచుకుంటారు?

చేతిలో ఉన్నవి రాసుకుంటాను. మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు, వాడని బావి, ఒక టీవీఎస్ ఎక్సెల్, పొద్దున మూడు గంటల పాటు ఖాళీగా ఉండే బస్టాండు. వీటిలో జరిగే కథ ఏదో దాన్ని రాస్తాను. కథ రాసుకుని లొకేషన్ వెతికితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రాత్రి సీన్లు తగ్గించండి, లైట్లు కావాలి. వాన వద్దు. గుంపులు వద్దు, గుంపుకు భోజనం పెట్టాలి. సిగరెట్, బీడీ కూడా వద్దు. తెర మీద పొగాకు కనిపిస్తే మొదట్లో, మధ్యలో 30 సెకన్ల చొప్పున హెచ్చరిక ప్రకటనలు వేయాలి, పొగ తాగుతున్నంతసేపూ కింద అక్షరాలు ఉండాలి. మా రెండో సినిమాలో తాత పాత్ర స్క్రిప్టులో బీడీ తాగేవాడు, షూటింగ్‌కు వచ్చేసరికి వక్కపొడికి మారాడు. పాత్రకు అదే బాగుంది కూడా.

ఏ కెమెరా వాడాలి?

అద్దెకు దొరికేది. ఇవాళ్టి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలా వరకు మన అవసరానికి సరిపోతాయి. వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల అద్దెకిచ్చే వాళ్లు చాలామందే ఉన్నారు. కెమెరాతోపాటు అటెండెంట్ వస్తాడు, అతని బత్తా, భోజనం, పడక మన లెక్కలోనే. అది మర్చిపోయి బడ్జెట్ వేసేవాళ్లు కోకొల్లలు. ఒక్క టెక్నికల్ ముక్క: మన కరెంటు 50 హెర్ట్‌జ్. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీల కింద షట్టర్ 1/50 దగ్గర పెట్టుకోకపోతే బొమ్మ మీద చారలు పాకుతాయి. మానిటర్‌లో కనిపించవు, ఎడిటింగ్‌లో కనిపిస్తాయి. ఇంతకు మించి కెమెరా గురించి మాట్లాడటం టైం దండగ.

సౌండ్ సంగతి? లైవ్ చేయాలా, డబ్బింగ్ చేయాలా?

ఇది అడగాల్సిన ప్రశ్న. బొమ్మ కాస్త మసకగా ఉంటే జనం ‘ఆర్ట్ సినిమా’ అనుకుని సర్దుకుంటారు. మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు.

డబ్బింగ్ మీద బతికే నేను లైవ్ సౌండే చేయమంటాను. కొత్త నటులు, ముఖ్యంగా పల్లె నుంచి తెచ్చుకున్నవాళ్లు, సెట్లో ఇచ్చిన మాటను ఆరు నెలల తర్వాత గాజు గదిలో నిలబడి మళ్లీ ఇవ్వలేరు. మా పెద్దమ్మ పాత్ర వేసిన ఆవిడ నిజంగా పొయ్యి ఊదుతూ ‘ఏందబ్బయా ఇప్పుడా వచ్చేది?’ అంది. ఆ ఆయాసం, ఆ పొగలో గొంతు బొంగురు. డబ్బింగ్‌లో 22 టేకులు చేశాం, రాలేదు. చివరికి వెనకాల కాకి అరుపు ఉన్నా లొకేషన్ ట్రాకే వాడాం.

చేయాల్సింది తక్కువే. ఒక మంచి సౌండ్ మనిషి, బూమ్ పట్టుకునే ఇంకో మనిషి, ముఖ్య పాత్రలకు కాలర్ మైకులు. ప్రతి లొకేషన్లో పని అయ్యాక అందర్నీ నోరు మూయించి ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దం రికార్డు చేయండి. మిక్సింగ్‌లో మాటకూ మాటకూ మధ్య అతుకులు వేయడానికి అదే దారం. ఫ్యాన్లు ఆపేయండి. చెన్నై మే నెలలో ఫ్యాన్ ఆపి షూట్ చేస్తే ఎవరైనా స్పృహ తప్పుతారు, కాబట్టి మే నెలలో షూట్ చేయొద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ వానలు. జనవరి, ఫిబ్రవరి మనవి.

టీ కొట్లో సీన్ తీసేటప్పుడు ముందు ఎఫ్ఎం కట్టించండి. వెనకాల పాత పాట సన్నగా వినిపిస్తూ ఉంటే సహజంగా ఉందని మురిసిపోయాను మొదటి సినిమాలో. ఆ పాట హక్కులు ఎవరివో వాళ్లు, సినిమా యూట్యూబ్‌లో పెట్టిన రోజే వచ్చారు. డైలాగుతో కలిసి రికార్డయిన ఆ పాటను విడదీయలేకపోయాం. నాలుగు నిమిషాల సీను పోయింది.

నటులకు డబ్బు ఇవ్వాలా? అందరూ స్నేహితులే కదా?

ఇవ్వాలి. రోజుకు వెయ్యి అయినా, సాయంత్రం చేతిలో పెట్టాలి. ‘ఎక్స్‌పోజర్ వస్తుంది’ అని పని చేయించుకునే వాళ్ల మీద నాకు గౌరవం లేదు. స్నేహితుడికి ఇవ్వకపోతే రెండో సినిమాకు స్నేహితుడూ ఉండడు, టెక్నీషియనూ ఉండడు. ఇవ్వలేనంత బడ్జెట్ అయితే మనుషుల్ని తగ్గించండి, కాల్షీట్లు తగ్గించండి.

పిల్లలతో తీస్తుంటే చట్టం తెలుసుకోండి. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు 5 గంటలకు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. చిన్న సినిమాకు ఇవన్నీ ఎవరు అడుగుతారులే అనుకోవద్దు.

భోజనం విషయం పైన చెప్పాను, మళ్లీ చెప్తాను. ఒంటిగంటకు అన్నం పడకపోతే మూడింటికి ఫోకస్ పోతుంది, నాలుగింటికి గొడవ వస్తుంది. మేము హోటల్ నుంచి తెప్పించం. ఊళ్లో ఒక వంటావిడను మాట్లాడుకుని అన్నం, పప్పు, చారు, ఒక కూర, పెరుగు. వారంలో ఒక రోజు చేపల పులుసు. ఆ రోజు ఎవరూ లేటుగా రారు.

అనుమతులు ఎన్ని కావాలి?

రోడ్డు మీద, బీచ్‌లో అయితే పోలీసు అనుమతి. రైల్వే స్టేషన్ అయితే రైల్వే వాళ్లది, అది మన బడ్జెట్‌కు అందదు, రైలు బయట నుంచి వెళ్లేలా రాసుకోండి. మహాబలిపురం లాంటి చోట్ల పురావస్తు శాఖ, పక్షుల అభయారణ్యాల్లో అటవీ శాఖ. పులికాట్ సరస్సు మీద డ్రోన్ ఎగరేద్దామని ప్రతి ఏడాదీ ఒకరు అడుగుతారు, ఫ్లెమింగోలు వచ్చే కాలంలో మరీను. పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది నాయనా. ఆలోచన కూడా చేయొద్దు.

నాకు తగిలిన దెబ్బ మాత్రం ఎద్దుది. 2015 సంక్రాంతికి రెండో సినిమా తీస్తున్నాం. తాత అరుగు మీద కూర్చుని ఉండగా నిజం గంగిరెద్దు వీధిలోకి వచ్చింది. సన్నాయి, బుడ్డి గంటలు, దాని మీద ఎర్ర బొంత. కెమెరా తిప్పాం. గంగిరెద్దుల ఆయన ‘తాతగారికి దండం పెట్టు’ అన్నాడు, ఎద్దు తలూపింది, మా తాత కూడా పాత్రలోంచి బయటికి రాకుండానే చేయెత్తి దండం పెట్టాడు. 40 సెకన్లు. సినిమా మొత్తంలో అంత మంచి షాట్ నేను తీయలేదు, అదీ పైసా ఖర్చు లేకుండా వచ్చింది.

సెన్సార్‌లో జంతువుందన్నారు, జంతు సంక్షేమ బోర్డు నుంచి కాగితం ఏదన్నారు. సినిమాలో జంతువును వాడాలంటే షూటింగ్‌కు ముందే ఆ బోర్డుకు దరఖాస్తు పెట్టాలి. కోడైనా, ఎద్దైనా. తర్వాత అడిగితే లాభం లేదు. షాట్ తీసేశాం. ఇంకా మండే సంగతి ఏంటంటే, అప్పట్లో ఆ బోర్డు ఆఫీసు చెన్నై తిరువాన్మియూరులోనే ఉండేది. నేనుండే చోటి నుంచి ఒక సిటీ బస్సు దూరం. 2018లో హర్యానాకు వెళ్లిపోయింది.

సెన్సార్ అంటే భయంగా ఉంది. కష్టమా?

కష్టం లేదు, ఓపిక కావాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు మూడు చోట్లా ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. ఫీజు నిడివిని బట్టి ఉంటుంది. సెన్సార్ స్క్రిప్టు, అంటే తెర మీద కనిపించేదీ వినిపించేదీ వరుసగా రాసిన ప్రతి, శ్రద్ధగా చేసుకుంటే సగం పని అయినట్టే. 2023లో చట్టం మార్చాక యూఏ సర్టిఫికెట్‌ను 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు పైబడిన వాళ్లకని మూడు రకాలు చేశారు. సర్టిఫికెట్‌కు ఇప్పుడు కాలపరిమితి కూడా లేదు. యూట్యూబ్‌కే అయితే సెన్సార్ అవసరం లేదు, కానీ థియేటర్‌కూ జాతీయ అవార్డులకూ కావాలి. నేనైతే చేయించి పెట్టుకోమంటాను.

థియేటర్లో రిలీజ్ చేయగలమా?

చేయగలం. అడగాల్సింది ‘చేయాలా’ అని. డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీకి స్క్రీన్‌కు ఇంత అని వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీజు) కట్టాలి, అది నిర్మాత మీదే పడుతుంది. పోస్టర్లు, వాటిని అంటించే మనిషి, థియేటర్‌తో పర్సెంటేజీ లేదా అద్దె. మేము రెండో సినిమాను 6 స్క్రీన్లలో వేశాం. సొంత జిల్లాలో ఒక థియేటర్లో మార్నింగ్ షోకు నేను వెనక వరుసలో కూర్చున్నాను. 11 మంది ఉన్నారు. అందులో నలుగురు మా వాళ్లే. ఇంటర్వెల్‌లో పక్క సీటు పెద్దాయన నన్ను ‘ఎవరు బాబూ తీసింది ఇది, మన యాసే మాట్లాడతన్నారే’ అని అడిగాడు. నేనే అని చెప్పలేదు. శుక్రవారం వేసిన సినిమా సోమవారానికి లేదు, కట్టిన డబ్బులో మూడో వంతు కూడా రాలేదు.

మూడో సినిమాకు థియేటర్ల జోలికి పోలేదు. కాలేజీల్లో, ఫిల్మ్ సొసైటీల్లో, ఊళ్లలో కల్యాణ మండపాల్లో ప్రొజెక్టర్ పెట్టి వేశాం. మనిషికి 50 రూపాయలు. దాని మీద మిగిలింది, ఎక్కువేం కాదు, కానీ మిగిలింది.

ఓటీటీలు కొంటాయి కదా?

అవుట్‌రైట్‌గా, అంటే ఇంత అని మాట్లాడి కొనడం, ముఖం తెలిసిన నటులున్న సినిమాలకే ఎక్కువ. మన లాంటి వాటికి చూసిన నిమిషాలను బట్టి షేర్. మధ్యలో అగ్రిగేటర్, అంటే సినిమాను ఓటీటీకి చేర్చే మధ్యవర్తి, ఒకరు ఉంటారు, వాళ్ల వాటా వాళ్లది. ఒప్పందంలో చూడాల్సినవి రెండు: హక్కులు ఎన్నేళ్లకు, లెక్కలు ఎప్పుడెప్పుడు ఇస్తారు. నా మొదటి సినిమాకు లెక్కే లేని కాగితం మీద పదేళ్లకు సంతకం పెట్టేశాను, ఎవరినీ అనడానికి లేదు, చదవకుండా పెట్టింది నేను. 11 లక్షల్లో లక్షా 80 వేలు వచ్చింది. రెండోదానికి కాగితాలు చదివాను. నాలుగేళ్లలో 9 లక్షలు వచ్చింది.

ఫెస్టివల్స్‌కు పంపాలా?

ఏరుకుని పంపండి. గోవాలో జరిగే ఇఫీ, అందులో ఇండియన్ పనోరమా, అక్కడే 2007 నుంచి నడుస్తున్న ఫిల్మ్ బజార్ అనే సినిమా మార్కెట్. చెన్నైలో డిసెంబర్ ఫెస్టివల్, బెంగళూరు ఫెస్టివల్. వీటికి వెళ్తే ఎంపిక కాకపోయినా మనుషులు కలుస్తారు. నెలనెలా అవార్డులిచ్చే ఆన్‌లైన్ ఫెస్టివల్స్ ఉన్నాయి, ఎంట్రీ ఫీజు కట్టిన ప్రతివాడికీ పోస్టర్ మీద ఆకుల దండ బొమ్మ పంపుతాయి. ఆ దండ వల్ల ఇంతవరకు ఎవరికీ రూపాయి రాలేదు. 90 వేల లెక్కలో అలా పోయినవి కొన్ని ఉన్నాయి, ఎన్నో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఫుటేజ్ ఎలా దాచుకోవాలి?

మూడు కాపీలు. రెండు ఒకే ఊళ్లో ఉండకూడదు. 2015 డిసెంబర్ వరదలప్పుడు నేను జాఫర్‌ఖాన్‌పేటలో కింద పోర్షన్‌లో ఉండేవాణ్ని. అడయారు పొంగి తెల్లారేసరికి మంచం కోళ్లు మునిగాయి. రెండో సినిమా మాస్టర్ డిస్కు మంచం కింద అట్టపెట్టెలో ఉంది. మిగిలిన కాపీ నెల్లూరులో మా అక్క దగ్గర, అటక మీద పాత కందిపప్పు డబ్బాలో. ఫోన్లు కలిసిన రోజు మొదట అక్కకే చేశాను. ‘మీరంతా బాగున్నారా’ అని అడగకుండా ‘డబ్బా ఉందా’ అని అడిగానట. ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంట్లో ఒప్పుకున్నారా?

మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. సినిమాకని విడిగా ఒక ఖాతా తెరిపించింది. అందులో ఉన్నంతే ఖర్చు పెట్టాలి, ఇంటి ఖాతాలోంచి అందులోకి రూపాయి రాకూడదు. పిండి కొద్దీ రొట్టె అన్నది ఆమె మాటే. ఇంతకంటే మంచి ప్రొడ్యూసర్ నాకు దొరకలేదు.

నాలుగో సినిమా ఎప్పుడు?

ఆ ఖాతాలో ఇప్పుడు 6 లక్షల 40 వేలున్నాయి. ఇద్దరు మనుషులు, ఒక అరుగు, ఒక వీధి, తొమ్మిది రోజుల షూటింగ్. వచ్చే సంక్రాంతికి అనుకుంటున్నాం. ఎద్దుకు దరఖాస్తు పెట్టేశాను.